దండెం లెక్క: బట్టల బీరువా ప్రాజెక్టు డైరీ

జులై 13, 2025, ఆదివారం

ఇదంతా ఇస్త్రీ బండి దగ్గర మొదలైంది. చెన్నై వెస్ట్ మాంబళంలో మా వీధి మలుపులో తోపుడుబండి మీద ఇస్త్రీ చేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. చిత్తూరు వైపు మనిషి, అరవం తెలుగు కలిపి మాట్లాడతాడు. నిన్న మూట విప్పి లెక్కపెడుతూ, "ఏమ్మా, ప్రతివారం ఈ ఏడెనిమిదే ఇస్తావు, మిగతావి వేరేవాళ్ళ దగ్గర చేయిస్తున్నావా?" అని అడిగాడు. గొంతులో కాస్త నిష్ఠూరం కూడా ఉంది. లేదు పెద్దాయనా, నేను వేసుకునేవే ఇవి అని చెప్పి వచ్చేశాను గానీ ఆ మాట రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉంది, ఎందుకంటే మా బీరువా తలుపు మోకాలితో నొక్కి పట్టుకుంటే తప్ప గొళ్ళెం పడదు.

ఇవాళ పొద్దున్నే మొత్తం తీసి మంచం మీద పోశాను. నైటీలు, లోపలి బట్టలు వదిలేసి లెక్కపెడితే కుర్తీలు 31, లెగ్గింగ్స్ 14, ప్యాంట్లూ పలాజోలూ 6, జీన్స్ 4, షర్టులూ టాపులూ 12, చున్నీలు 19, చీరలు 22. కూడితే సరిగ్గా 108. "అష్టోత్తరం చదువుకోవచ్చు" అన్నాడు మా ఆయన కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి. (ఆయనవి 19, అందులో నాలుగు ఆఫీసువాళ్ళు ఊరికే ఇచ్చిన టీషర్టులు. దానికే ఆ గర్వం.)

వేసుకునేవి ఏవో, ఊరికే పడి ఉన్నవి ఏవో తేల్చాలి. హ్యాంగర్లన్నీ వెనక్కి తిప్పిపెట్టి, వేసుకున్నదాన్ని మాత్రం మామూలుగా తగిలించే పద్ధతి ఒకటి చాలామంది చెప్తారు. మన బీరువాల్లో హ్యాంగర్లెక్కడివి, అన్నీ మడతలే కదా. అందుకని నా పద్ధతి ఇది: సాయంత్రం మేడ మీద దండెం నుంచి బట్టలు తీసేటప్పుడు ఏమేం తీశానో నోటుబుక్కులో రాయడం. వేసుకుంటేనే ఉతుకుతాను, ఉతికితేనే దండెం ఎక్కుతుంది. ఆరు వారాలు ఇలా రాస్తాను, అప్పటిదాకా కొత్తది ఒక్కటి కూడా కొనను.

జులై 20

ముహూర్తం ఎంత బాగా చూసుకున్నానో. ఆడి మాసం మొన్న గురువారం మొదలైంది. మనకు ఆషాఢం ఇంకా అయిపోలేదు, శ్రావణానికి ఐదు రోజులుంది, వీళ్ళకేమో ఆడి ఆగస్టు మధ్యదాకా ఉంటుంది. కారణం రెండు చోట్లా ఒకటే, పెళ్ళిళ్ళు ఉండవు, షాపుల్లో సరుకు కదలదు, అందుకే తగ్గింపులు. నెల్లూరు నుంచి చెల్లెలు ఆషాఢం ఆఫర్ల ఫోటోలు పంపుతోంది, ఇక్కడ పేపర్ తెరిస్తే నాలుగు పేజీలు ఆడి తళ్ళుబడి, అంటే ఆడి తగ్గింపులు. రెండు రాష్ట్రాల డిస్కౌంట్లూ నా నెత్తినే పడ్డాయి.

నేను గిండీలో పనిచేస్తాను, రోజూ ఎలక్ట్రిక్ ట్రైన్లో మాంబళంలో దిగుతాను. దిగాక ఎడమవైపు వెళ్తే ఇల్లు, కుడివైపు వెళ్తే టీ నగర్, బట్టల కొట్ల రంగనాథన్ వీధి. అసలు చిక్కంతా ఆ కుడివైపుతోనే. ఇన్నేళ్ళుగా నేను కొన్నవాటిలో సగం "ఊరికే అలా ఒక రౌండు వేసి వద్దాం" అని వెళ్ళి కొన్నవే.

టీ నగర్ అనగానే త్యాగరాజస్వామి పేరు అనుకునేవాళ్ళు మనలో చాలామంది, పెళ్ళయిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. కాదు, జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి పేరు. తెలుగు దేవాంగుల ఇంట్లో పుట్టినాయన, సొంతంగా మగ్గాల ఫ్యాక్టరీ నడిపినాయన. నేతవాళ్ళింటి మనిషి పేరు పెట్టిన పేట ఇప్పుడు బట్టల కొట్లకే పేరు మోసింది.

ఆగస్టు 2

నియమం తప్పాను. రాత్రి పదకొండున్నరకి ఫోన్లో వేలు జారింది. ఆకుపచ్చ కుర్తీ, 649 రూపాయలు, "కాటన్ బ్లెండ్" అని రాసి ఉంది. ఇవాళ పార్సిల్ వచ్చాక లోపల పక్క కుట్టులో ఉన్న చిన్న లేబుల్ చూస్తే 65 శాతం పాలిస్టర్, 35 శాతం కాటన్. బ్లెండ్ అన్నమాట అబద్ధమేం కాదులెండి.

లేబుల్ చూశాక కూడా నమ్మబుద్ధి కాక, లోపలి అంచులో వేలాడుతున్న పోగొకటి లాగి గ్యాస్ లైటర్‌తో వెలిగించాను. ఉత్త నూలు అయితే కాగితం కాలిన వాసనొచ్చి, వేళ్ళతో నలిపితే పొడైపోయే బూడిద మిగలాలి. ఇది ముందు ముడుచుకుంది, తర్వాత కరిగి చివర నల్లటి గట్టి పూస కట్టింది. మద్రాసు ఉక్కలో ఇది ఒంటికి అంటుకుపోతుంది, ఎందుకంటే మామూలు గాలిలో నూలు తన బరువులో దాదాపు 8 శాతం తేమ పట్టి ఉంచుకోగలదు, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. చెమట పీల్చుకునే దారి లేక వీపు మీదే కారుతుంది. ఉదయం 9:10 ట్రైన్లో మాంబళం నుంచి గిండీ దాకా ఉండేది రెండు స్టాపులే గానీ ఆ రెండు స్టాపులు చాలు.

రిటర్న్ పెట్టేశాను. ఒక్క పోగు తగ్గితే కనిపెట్టలేరు.

ఆగస్టు 24

ఆరు వారాలు పూర్తయ్యాయి. 108లో దండెం ఎక్కినవి 26. అంతే. కుర్తీలు 31లో 9. చీరల్లో ఒక్కటి, అదీ వరలక్ష్మీ వ్రతం రోజున. మిగతా 82 బీరువాలో హాయిగా నిద్రపోతున్నాయి.

ఇక్కడిదాకా నేను ఊహించినదే. ఊహించనిది తర్వాత తెలిసింది. మిగిలిపోయిన 22 కుర్తీలనూ ఒక్కొక్కటే తొడుక్కుని అద్దం ముందు నిలబడి, ఎందుకు వేసుకోవట్లేదో నోటుబుక్కులో ఒక్క ముక్కలో రాశాను. నచ్చకపోవడమే కారణమనుకున్నాను ఇన్నాళ్ళూ. నిజంగా నచ్చనివి మూడే! ఏడు చంక దగ్గర పట్టేస్తున్నాయి. నాలుగు సింథటిక్, చెమట. మూడు రేయాన్, వాటికి ఇస్త్రీ చేసి తొడుక్కుని స్టేషన్ దాకా నడిచేసరికి నలిగిన కాగితంలా అవుతాయి. ఇక ఐదు, వింటే నవ్వుతారు, చక్కగా సరిపోతున్నాయి, రంగు బాగుంది, మంచి నూలు, కానీ వాటి కిందకి వేసుకోవడానికి ఏమీ లేదు. పద్నాలుగు లెగ్గింగ్స్ ఉన్నాయి నాకు. అందులో నలుపే ఐదు. ఈ ఐదు కుర్తీలకూ కావాల్సింది కోరా రంగు ప్యాంటు, పచ్చినూలు రంగుది, అదొక్కటీ లేదు.

ఆలోచిస్తే ఐదేళ్ళలో ప్రతిసారీ కుర్తీ కొన్నానుగానీ ప్యాంటు కోసమని షాపుకి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ప్యాంటు కొనడంలో సరదా ఏముంది, బొమ్మలా, పువ్వులా?

ఆగస్టు 31

చంక పట్టేసే ఏడింటినీ టైలర్ అన్న దగ్గరకి తీసుకెళ్ళాను. ఆయన ఒక్కోదాన్నీ తిరగేసి పక్క కుట్టుని వేళ్ళ మధ్య పట్టి చూశాడు, లోపల ఎంత గుడ్డ వదిలారో. నాలుగింటికి రెండువైపులా ముప్పావు అంగుళం ఉంది, విప్పి కుట్టొచ్చన్నాడు. మూడింటికి ఏమీ లేదు, ఓవర్‌లాక్ కుట్టు అంచుదాకా కొట్టేసి ఉంది. ఆ మూడూ దాదాపు ఒకే ధరలో, ఒకేసారి, "ఒకటి కొంటే రెండు ఉచితం" కింద కొన్నవని నాకు గుర్తే. గుడ్డలో మిగుల్చుకున్నారన్నమాట.

కుర్తీకి 60 చొప్పున నాలుగింటికి 240 రూపాయలు. ఇకనుంచి షాపులో ధర కంటే ముందు తిరగేసి పక్క కుట్టు చూస్తాను.

ఈలోగా ఇంకో పని కూడా చేశాను. నాకు అన్నిటికంటే హాయిగా ఉండే నీలం కుర్తీని నేల మీద పరిచి టేపుతో కొలిచాను: చంక నుంచి చంకకి 20 అంగుళాలు, భుజం 14½, పొడవు 42, చెయ్యి పైభాగం వెడల్పు 7. టైలరుకి ఆది జాకెట్టు ఇస్తాం చూడండి, అలా ఇది నా ఆది కుర్తీ. ఎల్ అనీ ఎక్సెల్ అనీ రాసినవి నమ్మి లాభం లేదు, నా బీరువాలో సరిపోయేవాటిలోనే ఎం నుంచి డబుల్ ఎక్సెల్ దాకా ఉన్నాయి. ఒక్కో బ్రాండుకి ఒక్కో కొలత. మన ఒళ్ళకు తగ్గ సైజుల పట్టిక తయారుచేయాలని ఫ్యాషన్ చదువులు చెప్పే నిఫ్ట్ సంస్థవాళ్ళు ఇండియాసైజ్ పేరుతో మనుషులను 3డీ స్కానర్లలో నిలబెట్టి కొలిచే పని పెట్టుకున్నారు. అది షాపులదాకా వచ్చేలోపు నా టేపు నాకు చాలు.

సెప్టెంబరు 27, శనివారం

మొదటి కొనుగోలు. చీటీలో రాసుకున్నది ఒకే ముక్క: కోరా రంగు కాటన్ ప్యాంటు, జేబు ఉండాలి.

పొద్దున షాపులు తెరిచే వేళకే టీ నగర్‌లోని పాండీ బజార్ చేరుకున్నాను. ఆ టైములో నడవడానికి హాయిగా ఉంటుంది, 2019లో పేవ్‌మెంట్లు వెడల్పు చేశాక మరీను. రంగు పోల్చుకోవడానికి రెండు కుర్తీలు సంచిలో పెట్టుకెళ్ళాను. ఎంత తెలివో చూడండి, గుమ్మంలో సెక్యూరిటీ ఆయన సంచి మూతికి ప్లాస్టిక్ ట్యాగు బిగించి సీలు వేసేశాడు! లోపలికి వెళ్ళాక సంచి చేతిలోనే ఉంది, కుర్తీలు మాత్రం తీయలేను. చివరికి ప్యాంటు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, సేల్స్ అమ్మాయి "అక్కా, అక్కా, బిల్లూ" అని వెంటపడుతుంటే, ఎండలో రంగు చూసుకుని వెనక్కి వెళ్ళాను. మంచిదే అయింది, లోపలి లైట్ల కింద కోరా అనుకున్నది బయటికొస్తే లేత పసుపు. పక్కన ఉన్న రెండోది సరైన రంగు.

ట్రయల్ రూములో నా పరీక్ష మామూలుగా నిలబడి అద్దం చూసుకోవడం కాదు. కూర్చుంటాను, మెట్టెక్కినట్టు మోకాలెత్తుతాను, కుర్తీ అయితే ట్రైన్లో పై కడ్డీ పట్టుకున్నట్టు చెయ్యి పైకెత్తి పది అంకెలు లెక్కపెడతాను. బయట క్యూలో ఉన్నవాళ్ళు తలుపు కొడతారు, కొట్టనివ్వండి.

ప్యాంటు 899. మొన్న 22 నుంచి జీఎస్టీ మారింది కదా, ఇంతకుముందు వెయ్యి దాటిన బట్టలకు 12 శాతం, వెయ్యిలోపు 5 శాతం ఉండేది, ఇప్పుడు 2,500 దాకా 5 శాతమే, ఆ పైన 18. షాపు నిండా దాని గురించే బోర్డులు. నా 899కి అప్పుడూ 5, ఇప్పుడూ 5. "పన్ను తగ్గింది అక్కా, ఒక టాప్ కూడా చూడండి" అంది ఆ అమ్మాయి. చూడలేదు. ఇరవై ఐదు నిమిషాల్లో బయటపడ్డాను, నా జీవితంలో టీ నగర్‌లో ఇదే రికార్డు.

సోమవారం నుంచి ఆ ఐదు కుర్తీలూ బయటికొస్తాయి.

అక్టోబరు 11

అమ్మ వచ్చింది. నవంబరులో పిన్ని కూతురి పెళ్ళి, "మద్రాసు పోయి బట్టలు తీసుకోవాల" అనేది మా నెల్లూరు ఇళ్ళలో తాతల కాలం నుంచీ ఉన్న మాట. పినాకినీ ఎక్స్‌ప్రెస్ దిగీ దిగగానే బీరువా తెరిచి, "ఏంది మే, ఇంత ఖాళీగా పెట్టుకున్నావు, ఇంట్లో ఏమన్నా ఇబ్బందా?" అంది. ప్రాజెక్టు గురించి చెప్పాను. దండెం లెక్క చూపించాను. చీరలు 22లో ఒకటే దండెం ఎక్కింది కాబట్టి పది ఇచ్చేద్దామనుకుంటున్నానని కూడా చెప్పాను.

"పట్టుచీర దండేనికి వస్తుందా ఎక్కడైనా? కట్టి విప్పినాక నీడన ఆరేసి, మడత మార్చి లోపల పెడతారు. దాన్ని కుర్తీలతో కలిపి లెక్కేస్తావా నువ్వు?"

నిజమే, నా లెక్కలో అదొక పెద్ద బొక్క. చీరల్ని దండెం లెక్కలోంచి తీసేశాను.

కానీ అమ్మ అక్కడితో ఆగలేదు, ప్రతి చీర మడతలోంచి జాకెట్టు తీసి నా చేత తొడిగించింది. 22 జాకెట్లలో నాకిప్పుడు సరిపోయేవి ఆరే! చీరలకేం రోగం లేదు, అరడుగు గుడ్డ బిగుతై చీర మొత్తాన్ని మూల కూర్చోబెట్టింది. కుర్తీలకు ప్యాంటు ఎలాగో వీటికి జాకెట్టు అలాగ. మా అమ్మ కుట్టించినవి కాబట్టి ఏడింటిలో లోపల రెండు వరసల మార్జిన్ ఉంది, విప్పితే సరిపోతాయి. రెండింటికి కొత్తవి కుట్టించాలి. మూడు చీరలు అమ్మే తీసుకుపోతానంది. నాలుగు ఇంకా తేలలేదు.

ఇంత జ్ఞానోదయం అయ్యాక సాయంత్రం ఏం చేశానంటే, దీపావళికి ఇంకో తొమ్మిది రోజులుందనగా, శనివారం రంగనాథన్ వీధిలో, భుజాలు భుజాలు రాసుకునే జనంలో, పెళ్ళికూతురికి చీర తీయడానికి వెళ్ళి నాకొకటి తీసుకుని వచ్చాను. మెరూన్, 4,800. అమ్మ చీర చూసే తీరు చూస్తూ పక్కన నిలబడితే ఎవరికైనా కొనాలనిపిస్తుంది. ముందు తిరగేసి వెనకవైపు పోగులు తెగి ఉన్నాయా అని చూస్తుంది, కొంగుని బొటనవేలితో రుద్దుతుంది, అంచు దగ్గర లాగి పోగు జరుగుతుందేమో చూస్తుంది, చివరికి "వేరేది చూపించు నాయనా" అంటుంది, ఆ అబ్బాయి తమిళంలో ఏదో గొణుక్కుంటూ ఇంకో పదిహేను పరుస్తాడు.

ఇంటికొచ్చి కవరు విప్పగానే అమ్మ, "ఇదే రంగుది నీ పెళ్ళప్పుడు పెట్టినాం కదమ్మా." బీరువాలోంచి తీసి పక్కన పెడితే కవలలు. అంచు అరంగుళం తేడా.

అక్టోబరు 14

ఆ షాపులో డబ్బు వాపసు లేదు, ఏడు రోజుల్లో మార్చుకోవచ్చు, అదీ బిల్లూ ట్యాగూ ఉంటేనే. గంట ఆఫీసు పర్మిషన్ పెట్టి పొద్దున్నే వెళ్ళాను. అమ్మకి ఒక నూలు చీర, అత్తయ్యకి ఒకటి, మా ఆయనకి పంచె, రెండు దుప్పట్లు, ఇంకా 70 రూపాయలు మిగిలితే చేతిరుమాళ్ళు. చీటీ లేకుండా వెళ్తే ఇంతే. ఫోన్లో బీరువాలోని ప్రతి చీరకూ ఒక్కో ఫోటో తీసి పెట్టుకున్నాను ఇప్పుడు, కొనేముందు చూసుకోవడానికి.

నవంబరు 16

పెళ్ళయింది. పెళ్ళికి కట్టింది పాత మెరూనే, కొత్త జాకెట్టుతో. ఎవరూ గుర్తుపట్టలేదు. పిన్ని "మద్రాసులో తీసుకున్నావా" అని కూడా అడిగింది.

ఈ నెల ఎగ్మోర్‌లో కోఆప్టెక్స్ చేనేత షాపులో మీటర్ల లెక్కన అమ్మే బట్ట రెండు రకాలు తీసుకుని, ఆది కుర్తీ ఇచ్చి కుట్టించాను. కుట్టించేముందు బట్టని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేశాను, ఎందుకంటే నూలు మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు దాకా ముడుచుకోవచ్చు. 42 అంగుళాల కుర్తీ మీద అది అంగుళంపావు నుంచి రెండంగుళాలు, మోకాలి కిందున్నది మోకాలి పైకి వస్తుంది. కుట్టాక ముడుచుకుంటే చేసేదేమీ లేదు, ముందే ముడిపించేస్తే గొడవ వదిలిపోతుంది.

ఇక దుర్వార్త. వేరేచోట, దారిలో, ఒక ఎర్ర గళ్ళ కుర్తీ కొన్నాను (చీటీలో ఉన్నదే, ఒట్టు). ఆఫీసు హడావిడిలో దాన్ని విడిగా నానబెట్టకుండా మెషిన్లో వేశాను. అందులోనే కోరా ప్యాంటు ఉంది. తీసేసరికి ప్యాంటు బీట్‌రూట్ పెరుగుపచ్చడి రంగులో ఉంది.

అమెరికాలో ఒకప్పుడు మన మద్రాసు గళ్ళ బట్టని, ఉతికినప్పుడల్లా రంగు దిగుతుందన్నదే గొప్పగా చెప్పి "బ్లీడింగ్ మద్రాస్" పేరుతో అమ్మారట. ఈ రంగు దిగడాన్ని ఎంత గొప్పగా చెప్పినా నాకు మాత్రం ఏడుపొచ్చింది, ఎందుకంటే ఆ ఒక్క ప్యాంటు ఆగితే ఐదు కుర్తీలు ఆగిపోతాయి. మర్నాడే వెళ్ళి అదే షాపులో అదే ప్యాంటు, ఈసారి రెండు తీసుకున్నాను. నోటుబుక్కు ప్రకారం పాతది ఏడు వారాల్లో 21 సార్లు వేసుకున్నాను, అంటే పాడైపోయింది కూడా ఒక్కో రోజుకి 43 రూపాయలే పడింది. బీరువాలో ఒక్కసారి వేసుకున్న 1,800 రూపాయల గౌను ఒకటుంది, దాని లెక్క వేయదలుచుకోలేదు.

గులాబీరంగు ప్యాంటు ఇంట్లోకి వాడుతున్నాను.

డిసెంబరు 4

మూడు రోజులుగా ముసురు. మేడ మీద దండెం ఖాళీ, హాల్లో కిటికీ ఊచ నుంచి బెడ్రూమ్ గొళ్ళెం దాకా తాడు కట్టాం, టీవీ చూడాలంటే తల వంచాలి. ఇన్ని నెలలు చెమట గురించే ఆలోచించాను గానీ ఆరడం గురించి ఆలోచించలేదు. పల్చటి నూలు కుర్తీలు ఫ్యాను కింద రాత్రికి రాత్రే ఆరిపోయాయి. కోరా ప్యాంటు నడుముపట్టీ దగ్గర తప్ప ఆరింది. ఇంకో జీన్స్ కొందామని చీటీలో రాసుకున్నాను, ఇవాళ కొట్టేశాను.

బీరువాలో ఇప్పుడు చీరలు కాకుండా 53 ఉన్నాయి. ఇచ్చేసినవి ఎలా వెళ్ళాయంటే, లెగ్గింగ్స్, టాపులు నెల్లూరికి, పనమ్మాయిని పిలిచి తనకి నచ్చినవి తననే ఏరుకోమంటే ఆరు తీసుకుంది, మిగతా సింథటిక్‌వి పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆవిడ చూసి, పెదవి విరిచి, ఒక చిన్న గిన్నె ఇచ్చింది. 4,000 రూపాయల బట్టలకి పోపుగిన్నె. చున్నీలు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, పంతొమ్మిదీ అలాగే ఉన్నాయి.

ఇస్త్రీ పెద్దాయన బండి వానకి రాలేదు గానీ కిందటి వారం మూట విప్పి, నాలుగేళ్ళ కిందటి, పక్క కుట్లు విప్పించిన ఆవపువ్వు రంగు కుర్తీ పట్టుకుని, "కొత్తవి బాగానే కొంటున్నావే అమ్మా" అన్నాడు. లేదు పెద్దాయనా అని మొదలుపెట్టి, మళ్ళీ ఎందుకులే అని ఊరుకున్నాను.

జీన్స్ మూడో రోజు. ఇంకా తడిగానే ఉంది.